శిబిరానికి వెళ్ళే పిల్లలు ముందుగా తెలుసుకోవలసినవి
(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభ, గుడియాత్తం – ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, "మీరు బ్యాంకులో పనిచేసినవారు, విద్యా రుణాల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. విద్యా రుణాల గురించి మన సభలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. ఈసారి వేరే విషయం చెబుతానని అనుమతి తీసుకున్నాను. ఈ ఏడాది దరఖాస్తులు పరిశీలించేటప్పుడు ఎం.ఎస్.డబ్ల్యూ., అంటే సోషల్ వర్క్ చదివే పిల్లలవి కూడా వచ్చాయి. బి.కాం., ఇంజనీరింగ్, నర్సింగ్ దరఖాస్తుల మధ్య అవి కొత్తగా కనిపించాయి. ఇంటర్వ్యూకి వచ్చిన తల్లిదండ్రులు మమ్మల్ని ఒకటే అడిగారు. "ఫీల్డ్ వర్క్ అని చెప్పి శ్రీలంక వాళ్ళ శిబిరానికి పంపుతారట. ఆడపిల్లను అక్కడికి పంపవచ్చునా అండీ?"

అడగవలసిన ప్రశ్నే. దానికి ఒక్క మాటలో జవాబు చెబితే మీకు తృప్తి ఉండదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ముందు ఆ శిబిరాల సంగతి. శ్రీలంకలో 1983 జూలైలో తమిళుల మీద జరిగిన దాడుల తర్వాత జనం పడవల్లో రామేశ్వరం వైపు రావడం మొదలుపెట్టారు. 1990లో మళ్ళీ యుద్ధం రేగినప్పుడు ఇంకొక విడత, 1995 తర్వాత ఒక విడత, 2006 తర్వాత మరొక విడత. 2009 మే నెలలో యుద్ధం ముగిసింది. తమిళనాడు ప్రభుత్వం 2021లో శాసనసభలో చెప్పిన లెక్క ప్రకారం మొత్తం మీద మూడు లక్షల పైచిలుకు మంది వచ్చారు. వారిలో చాలామంది తిరిగి వెళ్ళిపోగా, 2021 నాటికి 108 శిబిరాలలో దాదాపు 58 వేల మంది, శిబిరాల బయట ఇంకొక 34 వేల మంది ఉన్నారు. మనం బస్సులో వేలూరు వెళ్ళి వచ్చేవాళ్ళం. మేల్ మొణవూరు, అబ్దుల్లాపురం పేర్లు మనకు కొత్త కావు. ఆ రెండు చోట్లా శిబిరాలున్నాయి. మేల్ మొణవూరులో కొత్త ఇళ్ళకు 2021 నవంబరులో శంకుస్థాపన జరిగింది. 2023 సెప్టెంబరులో ముఖ్యమంత్రి స్టాలిన్ గారు అక్కడికే వచ్చి పదమూడు జిల్లాలలో కట్టిన 1,591 ఇళ్ళను ప్రారంభించారు. అంతకు ముందు చాలా శిబిరాలలో ఒక కుటుంబానికి పది అడుగులకు పది అడుగుల గది. అందులోనే వంట, పిల్లల చదువు, ముసలివాళ్ళ పడక. 2021లోనే "అకతిగళ్ ముకామ్" అన్న పేరు తీసేసి "మరువాళ్వు ముకామ్", అంటే పునరావాస శిబిరం అని మార్చారు. పేరు మారితే ఏమొస్తుంది అనుకోవచ్చు. బడిలో రిజిస్టరు పిలిచేటప్పుడు "అగది పిల్ల" అనిపించుకున్నవాళ్ళకు ఏమొస్తుందో తెలుసు.

ఇక మీ భయం. అది ఊరికే వచ్చింది కాదు. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ గారి హత్య జరిగిన తర్వాత శ్రీలంక తమిళుడు అంటే ఇల్లు అద్దెకు ఇవ్వడానికి కూడా జనం వెనకాడారు. ఆ కేసు ఖైదీలు మన వేలూరు జైలులోనే ఏళ్ళ తరబడి ఉన్నారు, 2022లో సుప్రీంకోర్టు ఉత్తర్వులతో బయటికి వచ్చారు. వేలూరు కోటలోని టిప్పు మహల్‌లో నిర్బంధంలో ఉంచిన పులుల సంస్థ వాళ్ళు 43 మంది 1995 ఆగస్టులో సొరంగం తవ్వి పారిపోయారు. ఆ రోజుల్లో ఈ జిల్లాలో ఉన్నవాళ్ళెవరూ దాన్ని మరిచిపోరు. కాని ఆ నిర్బంధ శిబిరం వేరు, కుటుంబాలు ఉండే ఈ శిబిరాలు వేరు. ఆ తేడా తెలియక రెండింటినీ ఒకే మూట కట్టేశాం. ఇక్కడ ఉన్నవాళ్ళు పెయింటింగ్ పనికి, కూలిపనికి పోయి సాయంత్రం ఇంటికి వచ్చేవాళ్ళు. ఏ కాలేజీ అయినా అధికారుల అనుమతి లేకుండా విద్యార్థులను లోపలికి పంపదు. పిల్లల క్షేమం గురించి మీరు కాలేజీని అడగండి, తప్పు లేదు. ఎవరు వెంట ఉంటారు, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు, వారానికొకసారి కూర్చోబెట్టి మాట్లాడే అధ్యాపకురాలు ఎవరు అని అడగండి. ఈ మూడో ప్రశ్నకు సరైన జవాబు రాకపోతే నేనైనా పంపను. ఎందుకో తర్వాత చెబుతాను.

మన తెలుగువాళ్ళకూ ఆ ద్వీపానికీ ఉన్న సంబంధం ఒకటి చెప్పాలి. కాండీ రాజ్యపు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు మధురై నాయకుల బంధువర్గం వాడు, అంటే మూలాన తెలుగు వంశం. 1815లో ఇంగ్లీషువాళ్ళు పట్టుకుని, 1816లో మన వేలూరు కోటకు తెచ్చి ఉంచారు. 1832లో ఇక్కడే చనిపోయాడు. పాలారు ఒడ్డున ముత్తుమండపం ఆయనదే. రాజు గనుక మండపం కట్టారు. ఆయన వెంట వచ్చిన పరివారం ఏమైందో ఎవరూ అడగరు.

మా బ్యాంకు అనుభవం ఒకటి చెబుతాను, ఎందుకంటే సోషల్ వర్క్ చదివే పిల్లలు చేసే పనికి అది బాగా దగ్గర. నేను కౌంటరులో ఉండగా శిబిరం నుంచి ఒకామె పొదుపు ఖాతా తెరవడానికి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఫారం నేనే నింపుతున్నాను. పేరు చెప్పింది. "భర్త పేరు?" చెప్పింది. "ఉన్నారా?" అన్నది ఆ ఫారంలో లేని ప్రశ్న, కాని వారసుడి గడి కోసం అడగవలసి వస్తుంది. ఆమె ఏమీ అనలేదు. నుదుట బొట్టు ఉంది, మెడలో తాళి లేదు. పక్క కుర్చీలో ఉన్న మా సీనియర్ క్యాషియరు, పెద్దాయన, నా చేతిలోంచి ఫారం తీసుకుని, "అమ్మా, వారసుడిగా కొడుకు పేరు రాద్దామా, కూతురు పేరా?" అన్నాడు. ఆమె వెంటనే కూతురు పేరు చెప్పింది. పని అయిపోయింది. తర్వాత తెలిసింది, ఆమె భర్తను సైన్యం తీసుకుపోయింది, మళ్ళీ కనిపించలేదు. చచ్చిపోయాడని చెప్పినవాళ్ళు లేరు, బతికున్నాడని చెప్పినవాళ్ళూ లేరు.

ఇలాంటి దుఃఖానికి పాలిన్ బాస్ అనే అమెరికా ఆచార్యురాలు ఒక పేరు పెట్టి 1999లో పుస్తకమే రాశారు. మన మాటల్లో తేలని నష్టం అనవచ్చు. శవం చూస్తే ఏడ్చి, పదకొండో రోజో పన్నెండో రోజో కర్మ చేసి, మెల్లగా నిలదొక్కుకుంటాం. శవమే లేకపోతే? కర్మ చేస్తే చంపేసినట్టు, చేయకపోతే ఆత్మకు అన్యాయం చేసినట్టు. ఆ తాళి తియ్యాలా, ఉంచాలా? శ్రీలంకలో కనిపించకుండా పోయినవారి కోసం ప్రభుత్వం 2016లో చట్టం చేసి ఒక కార్యాలయమే పెట్టవలసి వచ్చిందంటే ఆ సంఖ్య ఎంత పెద్దదో ఊహించండి. అలాంటి ఇంటికి ఇరవై రెండేళ్ళ విద్యార్థిని వెళ్ళి, "ఇక ఆయన లేరని ఒప్పుకోండి ఆంటీ, మనసు తేలికవుతుంది" అనకూడదు. "తప్పకుండా వస్తారు" అని కూడా అనకూడదు. ఈ రెండూ అనకుండా ఆమె పక్కన కూర్చోవడం నేర్పాలి. అది నేర్చుకోవడానికి నాకు తెలిసి రెండేళ్ళ కోర్సు కూడా చాలదు, కాని మొదలుపెట్టడానికి అదే చోటు.

మా అక్క మనవరాలు ఎం.ఎస్.డబ్ల్యూ. చదువుతోంది. మొదటి నెలలో ఒకరోజు వచ్చి, "తాతయ్యా, ఈ రోజు ఒకాయన తన కథంతా చెప్పారు, నేను పన్నెండు పేజీలు రాసుకున్నాను" అంది సంబరంగా. "ఆయన ఆ కథ ఇంతకు ముందు ఎంతమందికి చెప్పాడో అడిగావా?" అన్నాను. ఆ అమ్మాయి వాళ్ళ మేడమ్‌ని అడిగి వచ్చి చెప్పింది. పడవ దిగగానే మండపంలో అధికారులకు, తర్వాత పోలీసులకు, తర్వాత రెవెన్యూ వాళ్ళకు, పత్రికల వాళ్ళకు, పరిశోధన అని వచ్చిన వాళ్ళకు. ఈ పన్నెండు పేజీల వల్ల ఆయనకు ఏమి మేలు జరుగుతుంది అని మేడమ్ అడిగారట. మంచి గురువు. ఆ తర్వాత వారం ఆ అమ్మాయి పుస్తకం తీయకుండా వెళ్ళింది. ఆయనకు కావలసింది ఏమిటంటే, కొడుకు పుట్టిన ధ్రువపత్రంలో తండ్రి పేరులో ఒక అక్షరం తప్పు. దాని వల్ల కాలేజీలో ఏదో సహాయం ఆగిపోయింది. ఆ పని మీద ఇద్దరూ కలిసి మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగారు. మూడోసారి బస్టాండులో టీ తాగుతూ, అడగకుండానే, ఆయన తన తమ్ముడి గురించి చెప్పాడట. ఆ మాటలు ఆ అమ్మాయి నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఇది మన ఊరి తెలివి మాత్రమే అనుకోకండి. 2007లో ఐక్యరాజ్య సమితి సంస్థలు, రెడ్ క్రాస్ వంటివి కలిసి, యుద్ధాలలో, ప్రకృతి వైపరీత్యాలలో నష్టపోయినవారి మనసుకు ఎలా తోడ్పడాలో మార్గదర్శకాలు తయారు చేశాయి. దాన్ని ఒక గోపురంలాగా గీశారు. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నది తిండి, నీడ, భద్రత. దాని మీద కుటుంబం, ఇరుగుపొరుగు, గుడి, బడి. దాని మీద కాస్త శిక్షణ ఉన్న కార్యకర్త సహాయం. కలశం దగ్గర మాత్రమే మానసిక వైద్యుడు. సోషల్ వర్క్ విద్యార్థి పని ఎక్కువగా కింది అంతస్తులలోనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మరొక చిన్న పుస్తకం ఉంది, సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ అంటారు. మనసుకు ప్రథమ చికిత్స. అందులో మూడే మాటలు: చూడు, విను, కలుపు. కలపడం అంటే అవసరమైన చోటికి, మనిషికి, సేవకు చేర్చడం. జరిగినదంతా చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది.

యాళ్పాణంలో యుద్ధం నడుస్తున్నప్పుడే అక్కడి ఆసుపత్రిలో పనిచేసిన మానసిక వైద్యులు దయా సోమసుందరం గారు 1998లో "స్కార్డ్ మైండ్స్" అనే పుస్తకం ప్రచురించారు. గాయం ఒక్క మనిషికే తగలదు, కుటుంబానికి, ఊరికి, ఒకరిపై ఒకరికి ఉండే నమ్మకానికి తగులుతుందని ఆయన తర్వాత కూడా రాస్తూ వచ్చారు. మన బాగాయంలోని సి.ఎం.సి. మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు ఇంటివాళ్ళు కూడా వచ్చి ఉండాలనే పద్ధతి 1950ల నుంచీ ఉంది. అప్పట్లో చాలా చోట్ల రోగిని ఒక్కణ్ణే లోపల పెట్టి తలుపు వేసేవారు. శిబిరం నుంచి ఎవరికైనా నిద్ర లేకపోయినా, ప్రాణం తీసుకోవాలనే మాట నోట వచ్చినా, విద్యార్థి సొంత వైద్యం చేయకుండా అదే రోజు తన అధ్యాపకురాలికి చెప్పాలి, అలాంటి చోటికి తీసుకుపోవాలి. ఈ ఒక్క విషయంలో రహస్యం పాటించడం అనేది ఉండదు.

మిగతా విషయాలలో రహస్యం తప్పనిసరి. తల్లిదండ్రులు ఇది గమనించాలి. పిల్ల ఇంటికి వచ్చి అన్నం ముందు మౌనంగా కూర్చుంటే, "ఏమైంది, ఏం చూశావు, ఎవరు ఏమన్నారు" అని తరచి అడగకండి. అన్నం పెట్టండి, పడుకోనివ్వండి. వాళ్ళు విన్నది మోసుకుని వస్తారు. దాన్ని దించుకోవడానికే వారానికొకసారి కూర్చోబెట్టి మాట్లాడే అధ్యాపకురాలు ఉండాలని ఇందాక అన్నాను. అది లేని చోట పిల్లలు రెండు రకాలుగా పాడవుతారు. కొందరు నిద్రపోలేరు. కొందరికి అసలు ఏదీ అంటదు, ఎవరి ఏడుపైనా రికార్డు పుస్తకంలో ఒక కేసు అయిపోతుంది. నాకు రెండో రకమే ఎక్కువ భయం.

భాష గురించి ఒక మాట. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడతారు, కాబట్టి శిబిరంలో భాష ఇబ్బంది లేదనుకుంటారు. యాళ్పాణం తమిళం వేరు. మనం "పేసు" అంటే వాళ్ళు "కదై" అంటారు. వాళ్ళు మామూలుగా "కదైక్కలామా" అంటే, మాట్లాడుకుందామా అని అర్థం. మన పిల్ల అక్కడ కిసుక్కున నవ్విందనుకోండి, ఆ రోజుకి పని అయిపోయినట్టే. మన గుడియాత్తం తెలుగు విని విజయవాడ బంధువులు పెళ్ళిళ్ళలో ఎలా నవ్వుతారో మనకు తెలియదా? పైగా శిబిరంలో అందరూ ఒక్క చోటి వాళ్ళు కారు. తేయాకు తోటల నుంచి వచ్చినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ తాతలు ఈ తమిళనాడు నుంచే అక్కడికి కూలికి వెళ్ళినవాళ్ళు. 1964 అక్టోబరులో శాస్త్రి గారికి, సిరిమావో గారికి మధ్య కుదిరిన ఒప్పందంలో వాళ్ళను అంకెలుగా పంచుకున్నారు. 5,25,000 మంది ఇండియాకు, 3,00,000 మంది సిలోనుకు. దాని మీద తిరిగి వచ్చినవాళ్ళ కోసం, బర్మా నుంచి వచ్చినవాళ్ళ కోసం 1969లో రెప్కో బ్యాంకు పెట్టారు. బర్మా నుంచి వచ్చినవాళ్ళలో మన తెలుగువాళ్ళు వేల మంది. కాబట్టి ఇల్లు వదిలి పెట్టె ఒక్కటి పట్టుకుని రావడం అనేది మన జాతికి తెలియని కష్టం కాదు.

చట్టం కూడా కొంచెం తెలియాలి. మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. 2019లో పౌరసత్వ చట్టానికి చేసిన సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చినవారికే వర్తిస్తుంది, శ్రీలంక వారికి వర్తించదు. 2015 జనవరి 9 లోపల వచ్చి నమోదైన శ్రీలంక తమిళులకు పాస్‌పోర్టు, వీసా లేనందుకు శిక్ష పడకుండా కేంద్రం 2025 సెప్టెంబరులో మినహాయింపు ఇచ్చింది. అది మంచిదే, కాని పౌరసత్వం కాదు. ఇక్కడే పుట్టి, ఇక్కడే ముప్పై ఏళ్ళు నిండినవాళ్ళు ఉన్నారు. విద్యార్థి ఇవన్నీ తెలుసుకుని వెళ్ళాలి. తెలియని చోట "నేను కనుక్కుని వస్తాను" అనాలి, అన్న రోజున రావాలి. "మీకు పౌరసత్వం వచ్చేలా చూస్తాం" లాంటి మాట నోటి నుంచి రాకూడదు. ఖాతాలో డబ్బు లేకుండా చెక్కు రాసివ్వడం అది. అలాగే ఫీల్డ్ వర్క్ ఏ నెలలో అయిపోతుందో మొదటి రోజే చెప్పాలి. చెప్పకుండా మాయమైపోయిన మనుషులు వాళ్ళ జీవితంలో ఇప్పటికే చాలామంది.

ఇంత చెప్పాక ధర్మకర్తలకు ఒక విన్నపం. ఈ పనికి అందరికన్నా తగినవాళ్ళు శిబిరంలో పుట్టి పెరిగిన పిల్లలే. చంద్రహాసన్ గారు 1984లో స్థాపించిన ఆఫర్ సంస్థ మొదటి నుంచీ శరణార్థులనే కార్యకర్తలుగా తయారు చేసుకుంటూ వచ్చింది. అలాంటి పిల్లలు డిగ్రీ అయ్యాక ఎం.ఎస్.డబ్ల్యూ. చదవాలంటే ప్రభుత్వ సహాయం కొంత ఉన్నా, ఇంటికి నెలకు వచ్చే భృతి 2021లో పెంచిన తర్వాత కూడా కుటుంబ పెద్దకు 1,500, మిగతా పెద్దలకు తలా 1,000, పిల్లలకు 500 రూపాయలు. బస్సు చార్జీలకే చాలదు. మన ట్రస్టు దస్తావేజులో మన సంఘం పిల్లలకే అని రాసి ఉంది. దాన్ని మార్చమని నేను అడగను. పెద్దలు ఎంతో ఆలోచించి రాసినది, మార్చాలంటే రిజిస్ట్రారు ఆఫీసు చుట్టూ తిరగాలి. దానికి బదులు విడిగా ఒక నిధి పెట్టవచ్చు. దాతలు ప్రత్యేకంగా దాని కోసమే ఇవ్వాలి, లెక్క విడిగా రాయాలి, ఏడాదికి ఇద్దరు విద్యార్థులు. ఒకరు మన పిల్ల, ఒకరు శిబిరం పిల్ల, ఒకే కాలేజీలో అయితే ఇంకా మంచిది. దరఖాస్తు ఫారంలో శాశ్వత చిరునామా గడి వారికి ఖాళీగా వదలడానికి వీలుండాలి.

ముసాయిదా ఒకటి టైపు చేయించి కార్యదర్శి గారికి ఇచ్చాను. లెక్కలు చూసే పని నేను చేస్తాను, దానికి జీతం అక్కరలేదు. మొదటి విరాళంగా నా ఒక నెల పింఛను ఈ రోజే రసీదు పుస్తకంలో రాయించాను. వచ్చే ధర్మకర్తల సమావేశంలో చర్చకు పెట్టమని కోరుతున్నాను. ఎవరికైనా అభ్యంతరం ఉంటే భోజనాల దగ్గర నాతోనే చెప్పండి, వింటాను.